పట్టీకెక్కిన తుపాకి



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆ మాస్టారి దగ్గరే నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. బడిలో కాదు. బడిలో మాకు తమిళమే. సాయంత్రం ఆయన ఇంటి తిన్నె మీద, లాంతరు ముందు కూర్చుని దిద్దేవాళ్ళం. మా నోట్లో ఉన్న తెలుగుకు ఒక లిపి ఉందని ఆ తిన్నె మీదే నాకు తెలిసింది. ఆ తెలుగులో సగం క్రియలు తమిళం నుంచి వచ్చినవైనా ఆయన ఎన్నడూ తప్పుపట్టలేదు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. నీలం గుడ్డ అట్ట. పొళ్ళాచ్చి, ఉడుమలై, కిణత్తుక్కడవు పక్కల ఉన్న తెలుగు ఇళ్ళన్నీ అందులో ఉండేవి. ఇంటిపేరు, గోత్రం, కులదేవత, ఎక్కణ్ణుంచి వచ్చామని ఇంట్లో పెద్దలు చెప్పుకునే మాట. కమ్మవారు, బలిజలు, గవరలు, రాజకంబళం నాయకులు, దేవాంగులు, తెలుగు మాట్లాడే అరుంధతీయులు, అందరూ ఒకే పుస్తకంలో. ఆయన రాసే పద్ధతి నాకు బాగా గుర్తు. రాయడం అయ్యాక ఆ వరుసను పైకి చదివేవారు. "సరేనా?" అని అడిగేవారు. అవతలివాళ్ళు తల ఊపాకే కింద గీత గీసేవారు. ఒక ఎన్నికల ముందు ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఒకడు, ఏ కులం ఇళ్ళు ఎన్ని అని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుందని అడిగాడు. మాస్టారు కాఫీ ఇచ్చారు, పుస్తకం ఇవ్వలేదు. "వాళ్ళు నాకు చెప్పింది ఇందుకోసం కాదు నాయనా" అన్నారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది తుపాకుల నమోదు గురించి. మాస్టారి పేరున జరిగే సభలో తుపాకి మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆయన ఆ రోజు అన్న మాటే నా విషయం, నా చేతిలో తుపాకి ఉంది కనుక దాన్ని అక్కణ్ణుంచి చెబుతాను.

మా ఇంట్లో ఉన్నది పన్నెండు బోరు, రెండు గొట్టాల తుపాకి. బర్మింగ్‌హాంలో చేసినది. మా తాత కొన్నాడు, తాత తరువాత నైన పేరుకు, నైన తరువాత నా పేరుకు మారింది. మడమ దగ్గర కట్టె నల్లబడి, తాత చెంప ఆనించిన చోట నునుపుగా ఉంటుంది. గొట్టాలు మడిచి విప్పితే అడుగున చిన్న అక్షరాల్లో పరీక్ష ముద్రలు, వాటి పక్కన ఒక నంబరు. ఆ నంబరే ప్రభుత్వానికి తెలిసిన తుపాకి. కట్టె, నునుపు, తాత చెంప, ఇవి ప్రభుత్వానికి అక్కరలేదు, అక్కరలేకపోవడంలో తప్పూ లేదు.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. తుపాకి ఎవరి చేతికైనా ఇవ్వవచ్చని నేను అనను. తాగి పెళ్ళాన్ని కొట్టేవాడి చేతికి, నేర చరిత్ర ఉన్నవాడి చేతికి, మనసు కుదుట లేనివాడి చేతికి తుపాకి పోకూడదు. మనిషిని చూసి, విచారించి, పొరుగువాణ్ణి అడిగి లైసెన్సు ఇవ్వడం ప్రభుత్వం పని. ఆ పని ఇప్పుడు జరుగుతున్న దానికంటే గట్టిగా జరగాలని నా కోరిక. నా సందేహమంతా రెండో పని మీద. ఏ నంబరు తుపాకి ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉందో పట్టీ కట్టి, ఆ పట్టీ ఉంది కనుక దేశం క్షేమంగా ఉందని అనుకోవడం మీద. మన చట్టంలో ఈ రెండు పనులూ ఒకే కాగితం మీద జరుగుతాయి, అందుకే వాటిని విడదీసి చూడటం మానేశాం.

ఈ నేల మీద తుపాకి పట్టీ అనే ఆలోచన ఎప్పుడు పుట్టిందో చూద్దాం. మనవాళ్ళకు అది పుస్తకంలో చదువుకునే చరిత్ర కాదు.

1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టాడు. విజయనగరం నుంచి వచ్చిన తెలుగువాడు. అతని దళవాయి అరియనాథ ముదలి దేశాన్ని పాళెపట్లుగా పంచాడు, 72 అని లెక్క. మధుర కోటకు 72 బురుజులు, ఒక్కో బురుజు ఒక్కో పాళెగాడి కాపలాలో ఉండేదని చెప్తారు. పాళెగాడికి భూమి దేనికి? పన్నులో వాటా కట్టి, పిలిచినప్పుడు ఆయుధం పట్టిన మనుషుల్ని తీసుకురావడానికి. ఊరి కావలి కూడా అతనిదే. దొంగతనం జరిగితే సొమ్ము పట్టి తేవాలి, లేకపోతే తానే కట్టాలి. అంటే ఆ రోజుల్లో ఆయుధం ఒక హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం, బోడినాయకనూరు, విరూపాక్షి, ఉడుమలై పక్క తళి, ఇవన్నీ తెలుగు నాయకుల పాళెపట్లే. ఈ ఊళ్ళ పేర్లు పలికితే ఈనాటికీ మా రాజకంబళం వాళ్ళ కళ్ళు వెలుగుతాయి, తమ కులదేవత జక్కమ్మ పేరు తలవకుండా వాళ్ళు ఈ కథ మొదలుపెట్టరు.

తరువాతి కథ మీకు తెలుసు. 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మును ఈస్టిండియా కంపెనీ కయత్తారులో ఉరితీసింది. 1800 జూన్‌లో విరూపాక్షి గోపాల నాయకుడి కూటమి మనుషులు కోయంబత్తూరులో కంపెనీ సేన మీద పడబోయి పట్టుబడ్డారు. ఆ ఊరు టిప్పు చేతిలోంచి కంపెనీకి పోయి అప్పటికి ఏడాదే. 1801 ఫిబ్రవరిలో కట్టబొమ్ము తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, నేలమట్టమైన పాంచాలంకురిచ్చి కోటను రోజుల్లో మట్టితో మళ్ళీ లేపాడు. మే 24న కోట పడింది. అక్టోబరులో శివగంగ మరుదు సోదరుల్ని, నవంబరులో ఊమైదురైని ఉరితీశారు.

నేను చెప్పదలచుకున్నది ఆ తరువాత జరిగినదాన్ని గురించి. 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన చేశాడు. దక్షిణ పాళెపట్లలో ఆయుధాలు పట్టడం ఇక లేదు. కోటలు కూలుస్తారు. ఆయుధాలు అప్పగించాలి, దాచినవాడికి కఠిన శిక్ష. లోబడినవాడి భూమికి శాశ్వతంగా పన్ను నిర్ణయించి జమీందారీ ఇస్తారు. ఎట్టయపురం వారు కంపెనీ పక్షాన నిలిచారు, నిలబడ్డారు. ఆ ఇంటి పేరు ఈ సీమలో ద్రోహానికి మారుపేరైపోవడం వేరే కథ, అందులో న్యాయం ఎంతో అన్యాయం ఎంతో ఇవాళ తేల్చను.

ఆ ప్రకటన ఏం చేసిందో నెమ్మదిగా ఆలోచించండి. అంతకుముందు ఆయుధం పట్టినవాడు కావలివాడు. ఆ తరువాత ఆయుధం పట్టినవాడు నేరస్థుడు. మనిషి మారలేదు, ఈటె మారలేదు. కావలి పని పోయింది, కావలి మాన్యం పోయింది, కావలి కాసిన కులాల మీద అనుమానం మిగిలింది. నూరేళ్ళ తరువాత అదే కులాల పేర్లు నేరస్థ తెగల పట్టీలోకి ఎక్కాయి. మధుర పక్కన పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న పిరమలై కళ్ళర్లు, మా పేర్లు రాసుకోవద్దు, మా వేలిముద్రలు తీసుకోవద్దు అని ఎదురు నిలిస్తే పోలీసులు కాల్చారు. కనీసం పదహారుమంది చనిపోయారు. వాళ్ళు అడ్డుపడింది పన్నుకు కాదు, భూమి కోసం కాదు. ఒక రిజిస్టరుకు. మన రాజకంబళం వారిలో, అంటే తొట్టియ నాయకుల్లో కూడా కొన్ని జిల్లాలవారు ఈనాటికీ సీర్‌మరబినర్, అంటే నేరస్థ ముద్ర తీసేసిన కులాల జాబితాలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ జాబితా వల్ల చదువులో సాయం దొరుకుతుంది, మంచిదే. కానీ ఆ జాబితా పుట్టింది సాయం కోసం కాదు.

పట్టీకి కాళ్ళుంటాయి. ఒక పని కోసం రాసింది మరో పనికి నడిచి పోతుంది. నాకు భయం అక్కడ.

1857 తిరుగుబాటు తరువాత ఆయుధాల మీద వరసగా చట్టాలు వచ్చాయి. వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన 1878 చట్టం వాటిలో పెద్దది. లైసెన్సు లేకుండా తుపాకి ఉండకూడదు, కానీ తెల్లవాడికి ఆ నియమం లేదు. కొడగులో కొడవలకూ లేదు, 1861 నుంచీ వాళ్ళకు మినహాయింపు. వాళ్ళు సర్కారుకు నమ్మకస్థులని తేల్చారు కాబట్టి. ఆ మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ నడుస్తోంది, 2019లో మరో పదేళ్ళు పొడిగించారు. కైల్‌పోళ్దు పండుగనాడు కొడవలు తుపాకికి పూలు పెట్టి పూజ చేస్తారు. మన కొండల వరసలోనే కొడగు. అక్కడ తుపాకి సంప్రదాయం, ఇక్కడ అనుమానం. ఈ తేడా తుపాకిని బట్టి రాలేదు, ఎవరు ఎవరికి లోబడ్డారో దాన్నిబట్టి వచ్చింది.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మా తాతకు లైసెన్సు ఎలా వచ్చింది? తోట ఉంది, బావి ఉంది, పన్ను రసీదు ఉంది, పెద్దమనుషుల్లో పేరుంది. మా తోటలోనే రాత్రిళ్ళు పందుల్ని తోలడానికి మంచె మీద పడుకున్న అరుంధతీయుడికి లైసెన్సు రాలేదు. అతను అడగనూ లేదు, అడగవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ తెలుగే మాట్లాడేవాడు, మాకంటే మంచి తెలుగు. పంది ఎదురుపడేది అతనికి, తుపాకి ఉండేది మా ఇంట్లో. తెల్లవాడి చట్టం మీద నాకున్న కోపం ఎంత నిజమో, ఆ చట్టం నీడలో మా ఇల్లు చల్లగా ఉండటమూ అంతే నిజం. అందుకే తుపాకి పట్టీ అంటే నాకు నేరాల చిట్టాలా కనబడదు, ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో చూపే పటంలా కనబడుతుంది.

స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళు ఈ చట్టాన్ని అవమానంగా భావించారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, తగిన నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును పౌరుడి హక్కుల్లో చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో పెట్టాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సభ ఒప్పుకోలేదు. నేర ప్రవృత్తి ఉన్నవాడికి కూడా అది హక్కు అయిపోతుందన్న భయం న్యాయమైనదే. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులు. నేను ఆ సభలో ఉంటే ఏ పక్కన చెయ్యెత్తేవాణ్ణో చెప్పలేను.

1959లో మన చట్టం వచ్చింది. దాని 13వ సెక్షన్ చదివితే రైతును మరిచిపోలేదని తెలుస్తుంది. ఆత్మరక్షణకూ క్రీడకూ ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకి, పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి, వీటికి లైసెన్సు ఇవ్వాలనే రాశారు. కాగితం మీద ఆ సెక్షన్ నేటికీ ఉంది. ఆనైమలై అంచున ఎంతమంది రైతులకు అది అందిందో మీకే తెలుసు. మొదట్లో ఎన్ని తుపాకులైనా ఉండవచ్చు, 1983లో మూడన్నారు, 2019లో రెండన్నారు. ఆ బిల్లు వచ్చినప్పుడు ఒక్కటే అని రాసి, చర్చలో రెండు చేశారు. లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేయడం మాత్రం మేలే.

2012లో నియమాలు సవరించి, దేశంలో ఉన్న లైసెన్సులన్నీ ఒకే కంప్యూటర్ పట్టీలోకి ఎక్కించాలన్నారు. ప్రతి లైసెన్సుదారుకు ఒక విశిష్ట సంఖ్య. అది లేని లైసెన్సు చెల్లదు. గడువు పెట్టారు, పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. ఎందుకు పొడిగించవలసి వచ్చింది? ఎర్ర సిరాతో రాసిన పాత పుస్తకాలు, చెదలు తిన్న రిజిస్టర్లు, ఒక జిల్లా మూడు జిల్లాలైనప్పుడు పంపకంలో తప్పిపోయిన ఫైళ్ళు. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేది కూడా ఒక మనిషే కదా.

నా విషయంలో జరిగింది ఇది. మా ఇంట్లో ఉన్న లైసెన్సు పుస్తకంలో తుపాకి నంబరు నా తాత కాలపు గుమాస్తా చేతిరాతలో ఉంది. అందులో ఒక అంకె 8. పైన సున్నా సరిగా మూసుకోలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించినవారికి అది 3గా కనబడింది. నాకెవరూ చదివి వినిపించలేదు, "సరేనా?" అని అడగలేదు. తరువాత పునరుద్ధరణకు పోయినప్పుడు, మీ తుపాకి మీద ఉన్న నంబరు వేరు, మా దగ్గర ఉన్న నంబరు వేరు అన్నారు. అంటే నా చేతిలో ఉన్నది లెక్కలో లేని తుపాకి, లెక్కలో ఉన్న తుపాకి నా చేతిలో లేదు. ఒక్క అంకె వల్ల మూడు తరాల లైసెన్సుదారు అక్రమ ఆయుధం ఉన్నవాడయ్యాడు. అక్రమ ఆయుధానికి చట్టంలో జైలుశిక్ష ఉంది.

ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు. నేను వెళ్ళినప్పుడల్లా కూర్చోమన్నాడు. దిద్దే అధికారం తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. అంతవరకు తుపాకి అప్పగించి ఉంచమన్నారు. ఉంచాను. పద్నాలుగు నెలల తరువాత తిరిగి చేతికొచ్చినప్పుడు గొట్టంలోకి వెలుతురు పెట్టి చూశాను. లోపల అద్దంలా ఉండవలసిన చోట గోధుమరంగు మచ్చలు, ఎడమ గొట్టంలో గోరు ఆనితే తగిలేంత గుంట. మా నైన ప్రతి ఆదివారం కొబ్బరినూనె గుడ్డ పెట్టి లాగిన గొట్టం అది. ఆయన బతికి ఉంటే ఏమనేవాడో నేను ఊహించదలచుకోలేదు.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు అప్పగించమనే సంగతి అందరికీ తెలిసిందే. 2024లో మార్చి 16న ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చింది, జూన్ మొదటి వారం దాకా ఉంది. తమిళనాడులో ఓటు ఏప్రిల్ 19న పడింది. అందరి తుపాకులూ గంపగుత్తగా తీసుకోకుండా, ఎవరి వల్ల ప్రమాదముందో పరిశీలించి తీసుకోవడానికి జిల్లాకొక సంఘం ఉండాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. ఊళ్ళో జరిగేది మాత్రం పట్టీ తీయడం, వరసగా పిలవడం. పట్టీ చేతిలో ఉన్నవాడికి అది సులువు కనుక. పట్టీలో లేని తుపాకి ఎన్నికలప్పుడు కూడా ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఇదే నా ముఖ్యమైన అభ్యంతరం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటేటా ఇచ్చే నివేదికలు తిరగేస్తే, తుపాకితో జరిగే హత్యల్లో ఎక్కువభాగం లైసెన్సు లేని తుపాకులతోనే అని కనబడుతుంది. నాటు పిస్తోలు చేసేవాడు నంబరు కొట్టడు. కొనేవాడు కలెక్టరాఫీసుకు పోడు. కాబట్టి పట్టీని ఎంత నున్నగా తుడిచినా, అందులో కనబడేది దాచుకోవలసిన అవసరం లేనివాడి ముఖమే.

కొండ అంచున ఉన్నవాళ్ళం కనుక మరో మాట. మొక్కజొన్న, వేరుశనగ, కొత్తగా నాటిన కొబ్బరి మొక్క, ఒక పందుల మంద ఒక్క రాత్రిలో దున్నేస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా రైతు పందిని చంపకూడదు, లైసెన్సు తుపాకి ఉన్నా చంపకూడదు. చప్పుడు చేసి తోలటమే. 2025లో మన ప్రభుత్వం, అడవికి 3 కిలోమీటర్లు దాటిన చోట అటవీ సిబ్బంది పందుల్ని కాల్చవచ్చని ఒక పద్ధతి పెట్టింది. ఈలోగా చీకట్లో ఏం జరుగుతోంది? కంచెకు దొంగ కరెంటు. అవుట్టుకాయి. పండులోనో మేతలోనో మందుగుండు కూరి పెడతారు. పంది కొరికితే దవడ పగిలిపోతుంది. పంది కోసం పెట్టినదాన్ని ఏనుగు కొరుకుతుంది. నోరు చీలిన ఏనుగు రోజుల తరబడి తినలేక, తాగలేక, నీటి పక్కన నిలబడి చచ్చిపోవడం కోయంబత్తూరు వాళ్ళం చూశాం. అవుట్టుకాయికి నంబరు లేదు, లైసెన్సు లేదు, పట్టీ లేదు. బాధ్యతగల రైతుకు నాటు తుపాకి లైసెన్సు ఇవ్వడానికి ఏళ్ళు తిప్పుతున్నాం. దొంగతనంగా మందుగుండు కూరేవాణ్ణి పట్టుకోవడానికి మనుషులు చాలడం లేదు. పట్టీలు దిద్దే ఆ చేతుల్లో కొన్నైనా రాత్రి కొండ అంచుకు రావాలని నా మొర.

బయటి దేశాలవాళ్ళు ఈ దారి నడిచి చూశారు. కెనడా 1995లో చట్టం చేసి పొడుగు తుపాకులన్నీ నమోదు చేయించింది. ఫీజులు పోను ప్రభుత్వానికి 20 లక్షల డాలర్లు ఖర్చవుతుందని మొదట చెప్పారు. 2002లో ఆ దేశపు ఆడిటర్ జనరల్ లెక్క చూసి, అది వంద కోట్ల డాలర్లు దాటబోతోందని చెప్పారు. 2012లో పొడుగు తుపాకుల పట్టీని ఎత్తేశారు. చేతి తుపాకుల నమోదు, మనిషికి లైసెన్సు మాత్రం ఉంచారు. న్యూజిలాండ్ 1983లోనే పొడుగు తుపాకుల నమోదు వదిలేసి, మనిషిని విచారించి లైసెన్సు ఇచ్చే పద్ధతికి మారింది.

అక్కడితో ఆపితే నేను అబద్ధం చెప్పినట్టే. 2019 మార్చి 15న అదే న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక్కడు 51 మందిని చంపాడు. ఆ తరువాత వాళ్ళు మళ్ళీ నమోదు తెచ్చారు, 2023 జూన్‌లో పట్టీ మొదలైంది. ప్రార్థనలో ఉన్న పిల్లలూ ముసలివాళ్ళూ చచ్చిపోయాక ఒక దేశం అలా చేస్తే, ఇక్కడ కూర్చుని అది తప్పని నేను అనలేను. అయితే అక్కడి విచారణ సంఘం ఏం చెప్పిందో కూడా చూడాలి. వాడికి లైసెన్సు ఉంది. లైసెన్సు ఇచ్చే ముందు మనిషిని విచారించవలసిన తీరులో విచారించలేదని ఆ సంఘమే తేల్చింది. పట్టీ ఉన్నా వాడి తుపాకులు పట్టీలోనే ఉండేవి. ఒకే మనిషి అన్ని తుపాకులు పోగేస్తుంటే పట్టీలో కనబడేదని మీరు అంటే, అది గట్టి వాదన, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తుపాకి దొంగతనం పోతే నంబరు ఉండటం పోలీసుకు ఉపయోగమన్నదీ ఒప్పుకుంటాను.

అందుకే పట్టీని తగలబెట్టమని నేను అడగడం లేదు. నేను అడిగేవి చిన్నవి. నా గురించి రాసిన వరుస నాకు చూపించాలి, నేను చదివి ఒప్పుకున్నాకే అది చెల్లాలి. తప్పుంటే దిద్దడానికి ఒక గడువు, దిద్దే అధికారి ఎవరో తలుపు మీద ఒక పేరు. దిద్దేలోగా ఆ తప్పును నా నేరంగా లెక్కించకూడదు. ఆ పట్టీని ఎవరెవరు ఎప్పుడు ఎందుకు తెరిచి చూశారో అందులోనే రాసి ఉండాలి. మంచె మీద పడుకునేవాడు అడిగినా, తోట యజమాని అడిగినా, ఒకే ప్రశ్నలు, ఒకే గడువు.

పట్టీ తప్పడం తుపాకి దగ్గరే ఆగదు. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా 42 లక్షల పైచిలుకు మంది నమోదయ్యారు. మా తమ్ముడి ఇంటికి లెక్కకు వచ్చినాయన భాష అడగకుండానే తమిళం అని రాసుకుని పోయాడు. వాకిట్లో మా అవ్వ అప్పుడు తెలుగులోనే కోడల్ని మందలిస్తోంది. ఆయన చెవికి ఆ మాట పడే ఉంటుంది. పట్టీలో ఆ ఇల్లు తమిళ ఇల్లు. మాస్టారి నీలం అట్ట పుస్తకంలో అది తెలుగు ఇల్లు. రెండింటిలో ఏది నిజమో ఆ ఇంటికి పోయినవాడికి తెలుస్తుంది. కి. రాజనారాయణన్ లాంటి తెలుగింటి మనిషి మన వలస కథను తమిళంలో రాసి నిలబెట్టకపోతే, మనం ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పే పట్టీ ఏ ఆఫీసులోనూ దొరికేది కాదు.

నా తుపాకి అంకె చివరికి ఎలా దిద్దుకుందో చెప్పి ముగిస్తాను. కొత్తగా వచ్చిన ఒక చిన్నమ్మాయి, మా మనవరాలి ఈడు ఉంటుంది, ఆ కుర్చీలో కూర్చుంది. నేను పాత పుస్తకం, తుపాకి ఫొటో బల్ల మీద పెట్టి, తెర నావైపు ఒకసారి తిప్పమని అడిగాను. అలా తిప్పకూడదేమో అని ఆమె చుట్టూ చూసింది. తరువాత తిప్పింది. నేను కళ్ళజోడు పెట్టుకుని నా పేరు, మా నైన పేరు, ఊరి పేరు, తుపాకి నంబరు పైకి చదివాను. మూడో అంకె దగ్గర ఆగాను. ఆమె ఫొటోను దగ్గరకు లాక్కుని, వేలు పెట్టి, తానూ ఒక్కో అంకె చదివింది. "ఇది ఎనిమిది కదా అయ్యా" అంది. పై అధికారి సంతకానికి పంపి, సంతకం వచ్చాక మూడు కొట్టేసి ఎనిమిది ఎక్కించి, మళ్ళీ తెర తిప్పి, "సరిగా ఉందా, చూడండి" అని అడిగింది.

నేను తల ఊపాను.